ఆంగ్ల వేదికాహాస్యము: అసభ్యతాప్రమాణములు

ఒంటరిగా వేదికపై నిలిచి మాటలతో నవ్వించు వృత్తి బ్రిటనులో మ్యూజిక్ హాలుల నాటిది. అందు ఏది అసభ్యమను ప్రశ్నకు సమాధానము తరతరమునకు మారినది. సభ్యత పెరిగినదనియో తరిగినదనియో తేల్చుట ఈ మార్పును సరిగా గ్రహింపకపోవుటయే.

1940వ దశకము చివర బి.బి.సి. తన హాస్యరచయితలకొక నియమావళి నొసగెను. మరుగుదొడ్లు, స్త్రీల లోదుస్తులు, నవదంపతులు అందు నిషిద్ధవిషయములు. శరీరమును గూర్చిన సిగ్గే దానికి ముఖ్యప్రమాణము. ఆ కాలపు మాక్స్ మిల్లర్ హాలులలో తెల్లపుస్తకము, నీలిపుస్తకము చూపి, ఏది చదువుమందురని ప్రేక్షకులనే అడిగెడివాడు. ఆంగ్లమున నీలము బూతునకు సంకేతము. కోరినవారిదే దోషమను చమత్కారమది!

1979లో లండనున వెలసిన కామెడీ స్టోరులో ఈ ప్రమాణము తలక్రిందయ్యెను. అలెక్సీ సేల్ మొదలగువారు బూతుమాటకు జంకలేదు. కాని 1971లో మొదలైన ‘ది కమెడియన్స్’ అను టెలివిజను కార్యక్రమమున ఖ్యాతిగన్న బెర్నార్డ్ మానింగ్ వంటివారి జాతిపరమైన వెక్కిరింతలను ఏవగించుకొనిరి. మానింగ్‌కు 2007లో మరణించు వరకు అభిమానులు లేకపోలేదు. భరతుడు నవ్వువాని స్థాయినిబట్టి హాస్యమును ఆరు విధములుగా విభజించెను. ఇచ్చట రుచిభేదము నవ్వబడువానినిబట్టి ఏర్పడినది.

అయినను నవ్వబడువాడెవడో నిర్ణయించుట సులభము కాదు. తన్ను జాతివిద్వేషి యనిన డైలీ మిర్రర్ పత్రికపై ఫ్రాంకీ బాయిల్ దావావేసెను. తాను వేదికపై పలికిన హేయపదములు ఆ విద్వేషమునే పరిహసించునని వాదించెను. 2012లో జ్యూరీ ఆయన పక్షమున తీర్పుచెప్పి 54,650 పౌండ్లు ఇప్పించెను.