చీకటి ఆకాశము - ఛాయాఫలకము

పగటివేళ ఛాయాచిత్రము తీయుటకు సెకనులో నూరవ వంతు కాలము చాలును. రాత్రి ఆకాశమును చిత్రించవలెనన్న ఒక్కొక్కప్పుడు గంటలు పట్టును. ఇంత భేదమెందుకు? మన కన్ను కాంతిని నిలువ చేయదు. సెకనులో చిన్న భాగము గడువగానే పాత రూపము చెరిగి కొత్తది ఏర్పడును. అందుచేత మసకనక్షత్రమును గంటసేపు చూచినను అది మరింత వెలుగదు. ఛాయాఫలకము అట్లు కాదు. దానిపై పూసిన వెండిలవణములు తమపై పడిన కాంతి ఫలితమును కూడబెట్టుకొనును. చుక్కలు చుక్కలుగా కారిన నీటితోనే కుండ నిండును గదా! ఫలకముపై కాంతి పడనిచ్చు కాలమునే ఎక్స్‌పోజరు అందురు.

1840లో జాన్ విలియం డ్రేపరు న్యూయార్కులో 20 నిమిషముల ఎక్స్‌పోజరుతో చంద్రుని చిత్రించెను. 1850 జూలైలో హార్వర్డు వేధశాలలో బాండు, విపుల్ అనువారు అభిజిత్ నక్షత్రమును చిత్రించిరి. సూర్యుడు గాక మరియొక నక్షత్రము ఫలకమునకెక్కుట అదే ప్రథమము. భూమి తిరుగుచుండుటచే నక్షత్రములు కదలినట్లు కనిపించును. కావున దూరదర్శినిని గడియార యంత్రముతో వాని వెంట త్రిప్పవలెను.

తరువాత వచ్చిన కొలోడియన్ ఫలకములను తడి ఆరకముందే వాడవలెను. పది పదిహేను నిమిషములకు మించి ఎక్స్‌పోజరు సాధ్యము కాలేదు. 1871లో మాడాక్సు అను ఆంగ్ల వైద్యుడు జెలటిన్‌తో పొడిఫలకమునకు దారి చూపగా ఈ అడ్డు తొలగెను. 1880 సెప్టెంబరు 30న పై డ్రేపరు కుమారుడు హెన్రీ 51 నిమిషముల ఎక్స్‌పోజరుతో ఓరియన్ నీహారికను చిత్రించెను. 1883లో ఇంగ్లండునందు కామన్ తీసిన చిత్రములో, దూరదర్శినితో చూచినను కంటికందని నక్షత్రములు కూడ కనిపించెను.

అయితే ఎక్స్‌పోజరు పెంచిన కొలది లాభమే యని తలంపరాదు. ఆకాశము పూర్తిగా నలుపు కాదు. దాని స్వల్పకాంతి కూడ ఫలకముపై కూడుచు, తుదకు మసకనక్షత్రములను మరుగుపరచును. నేపథ్యమెంత నల్లనిదో, చిత్రమునకు అంత లోతు.

1887లో పారిస్‌లో సమావేశమైన శాస్త్రజ్ఞులు ఆకాశమునంతను చిత్రించుటకు పూనుకొని, పనిని పలు దేశముల వేధశాలలకు పంచిరి. పటముల కొరకు ఒకే ఫలకముపై 30 నిమిషముల ఎక్స్‌పోజరులు మూడు ఇచ్చుట నియమము. నడుమ దూరదర్శినిని కొంచెము జరుపుటచే ప్రతి నక్షత్రము చిన్న త్రికోణముగా పడును. ధూళికణమైనచో ఒంటిచుక్కగా మిగులును. మొదట చిలీ దేశపు శాంటియాగోకు కేటాయించిన భాగము, అనగా దక్షిణ క్రాంతి 17 నుండి 23 డిగ్రీల వరకు గలది, హైదరాబాదులోని నిజామియా వేధశాలకు సంక్రమించెను. అచ్చటి వారు 8 అంగుళముల దూరదర్శినితో ఫలకములు తీసి, ఏడు లక్షలకు మించిన నక్షత్రముల స్థానములను 12 సంపుటములలో ప్రకటించిరి.

నగరము పెరిగి దీపములు హెచ్చగా అచ్చటి నేపథ్యము తెల్లబారెను. అందుచేత 48 అంగుళముల కొత్త దూరదర్శినిని 1968లో నగరమునకు దూరముగా జపాల్-రంగాపూర్‌లో నెలకొల్పిరి.

పాత ఫలకముల శ్రమ వృథా కాలేదు. 1989లో ఎగిరిన హిప్పార్కస్ ఉపగ్రహము కొలిచిన స్థానములను ఆ పాత స్థానములతో పోల్చి, సుమారు 25 లక్షల నక్షత్రముల కదలికలను 2000లో వెలువడిన టైకో-2 పట్టికలో ఇచ్చిరి. అంత సూక్ష్మమైన కదలిక బయటపడుటకు దాదాపు నూరేండ్ల వ్యవధి కావలసివచ్చెను. ఉపగ్రహమును నేడైనను పంపవచ్చును. గడచిన రాత్రిని మాత్రము మరల చిత్రింపజాలము.