ఏ వయసుకు ఏ తరగతి?

ఆరు నుంచి పద్నాలుగేళ్ల బాలబాలికలందరికీ ఉచిత నిర్బంధ విద్య అందించాల్సిన బాధ్యత ప్రభుత్వానిదే. 2009లో పార్లమెంటు ఆమోదించిన విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్‌ 1న అమల్లోకి వచ్చింది. ఒకటి నుంచి ఎనిమిదో తరగతి వరకు ఇది వర్తిస్తుంది.

2020 జాతీయ విద్యావిధానం 10+2 స్థానంలో 5+3+3+4 అంచెలను ప్రతిపాదించింది. తొలి అంచె మూడేళ్ల వయసులోనే మొదలవుతుంది. మూడేళ్లు అంగన్‌వాడీ లేదా పూర్వ ప్రాథమిక విద్య, ఆపై ఒకటి, రెండు తరగతులు. ఎనిమిదేళ్లకు మూడు, పదకొండేళ్లకు ఆరు, పద్నాలుగేళ్లకు తొమ్మిదో తరగతి. పన్నెండో తరగతి ముగిసేసరికి పద్దెనిమిదేళ్లు నిండుతాయి.

ఈ లెక్కన ఒకటో తరగతికి ఆరేళ్లు నిండాలి. తెలుగునాట మాత్రం ఐదేళ్లకే బడిలో వేయడం చిరకాలపు ఆనవాయితీ. చిక్కంతా ఇక్కడే. పుట్టిన తేదీ కాగితం లేనిచోట, బడి తెరిచే జూన్‌కు సరిపోయేలా ఏదో ఒక తేదీ రాయించడం పల్లెల్లో పరిపాటిగా ఉండేది. ఆ తేదీయే పదో తరగతి మార్కుల జాబితాకెక్కి, కొలువు అర్హత మొదలు పదవీ విరమణ దాకా వెన్నంటి వస్తుంది. తర్వాత దిద్దించుకోవడం ప్రయాసే.

వయసు ధ్రువపత్రం లేదని ప్రవేశం నిరాకరించరాదని 14వ సెక్షన్‌ స్పష్టం చేస్తోంది. ఆస్పత్రి లేదా ఏఎన్‌ఎం రిజిస్టరు, అంగన్‌వాడీ రికార్డు, అవీ లేకుంటే తల్లిదండ్రుల వాంగ్మూలం చాలు. బడి మానేసిన పదేళ్ల పిల్లవాడిని ఒకటో తరగతిలో కూర్చోబెట్టనక్కరలేదు. 4వ సెక్షన్‌ ప్రకారం వయసుకు తగిన తరగతిలోనే చేర్చుకుని ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి. అలా చేరినవారికి పద్నాలుగేళ్లు దాటినా ఎనిమిదో తరగతి పూర్తయ్యే వరకు ఉచిత విద్య కొనసాగుతుంది.