కలిమి ఎవరి దగ్గర? పోరుమామిళ్ల చెరువు శాసనం ఆధారంగా ఒక పరిశీలన

ఈ వ్యాసానికి మూలం చెరువు నీళ్లు పంచే ఒక నీరుగంటి నోటి మాట. కడప జిల్లాలో చెరువు శాసనాల కోసం తిరుగుతున్న రోజుల్లో, ఒక మధ్యాహ్నం పోరుమామిళ్ల చెరువు కట్ట మీద చెట్టు నీడన కూర్చున్న ముసలాయన్ని మాటవరసకు అడిగాను, ఈ చుట్టుపక్కల బాగా ఉన్నవాళ్లెవరని. కొత్తగా మూడంతస్తుల మేడ లేపిన ఒకాయన పేరు నేనే అందించాను. ముసలాయన బీడీ ఆర్పి, మిగిలిన ముక్కను చెవి సందున పెట్టుకుని, "దుడ్లు వాని దగ్గర ఉండాయి సార్. వానికేముండాది?" అన్నాడు. తూము కొలతలు రాసుకోవలసిన పేజీలో ఆ రెండు వాక్యాలు రాసుకున్నాను. కొలతలు మళ్లీ వెళ్లి తెచ్చుకోవలసి వచ్చింది.

మొదటి వాక్యంలో 'దగ్గర', రెండోదానిలో 'కి'. తెలుగువాడు ఈ తేడాను ఆలోచించి పాటించడు, అసంకల్పితంగా పాటిస్తాడు. నా దగ్గర డబ్బుంది, నా దగ్గర పెన్నుంది. కానీ నాకు ఇద్దరు అక్కలున్నారు, నాకు ఓపికుంది, ఊళ్లో నాకు పేరుంది. 'నా దగ్గర ఇద్దరు అక్కలున్నారు' అంటే వాళ్లు నా ఇంట్లో ఉంటున్నారని అర్థం మారిపోతుంది. బళ్లో మనం వల్లించిన విభక్తుల పట్టికలో కి, కు ప్రత్యయాలు షష్ఠిలో, 'యొక్క' పక్కనే ఉన్నాయి. ఆధునిక భాషాశాస్త్రం వాటిని చతుర్థి అంటుంది. ఈ విషయంలో పాత పట్టికే నా కంటికి చురుకైనది: 'కు' కట్టినది మనిషికి చెందుతుంది, 'దగ్గర' కట్టినది మనిషి పక్కన ఉంటుంది, అంతే. పక్కన ఉన్నది రేపు ఇంకొకరి పక్కన ఉండవచ్చు. (ఈమధ్య టీవీ యాంకర్లు 'నా దగ్గర టైమ్ లేదు' అంటున్నారు. దాని సంగతి వేరే వ్యాసంలో చూడాలి.) 'వాడికి బాగా డబ్బుంది' అని కూడా అంటాం గదా అని అడగవచ్చు. అంటాం, కానీ అక్కడ డబ్బు అన్న మాటకు హోదా అని అర్థం.

సంపద గురించి మనవాళ్లు రాసేటప్పుడు అష్టలక్ష్ములతో మొదలుపెట్టి, ఎనిమిది మందిలో ధనలక్ష్మి ఒకరే గదా అని తేల్చేయడం రివాజయింది. ఆ ఎనిమిది రూపాల కొలువు ఇంత ప్రచారంలోకి వచ్చింది 1970ల తరవాత. చెన్నై బీసెంట్ నగర్ గుడి ప్రతిష్ఠ 1976లో జరిగింది. క్యాలెండర్ బొమ్మను ప్రాచీన సాక్ష్యంగా నిలబెట్టలేం. మనకు అంతకంటే గట్టి సాక్ష్యం రాతి మీదే ఉంది, సప్తసంతానాల రూపంలో, అంటే మనిషి తన వెనక మిగిల్చి పోయే కొడుకు, చెరువు, గుడి మొదలైన ఏడింటి రూపంలో.

నా అసలు తగువు ఇక్కడే. ఒక సెమినార్లో నేను ఈ ప్రస్తావన తెచ్చినప్పుడు, నేను గౌరవించే ఒక పెద్దాయన చిరునవ్వుతో కొట్టిపారేశారు. "చెరువు తవ్వించాలన్నా, గుడి కట్టించాలన్నా, అగ్రహారం ఇవ్వాలన్నా, కావ్యం అంకితం పుచ్చుకోవాలన్నా ముందు డబ్బు కావాలి. మీ సప్తసంతానాలు డబ్బున్నవాడి ఖర్చుల పట్టిక. పరలోకంలో వేసుకున్న డిపాజిట్టు." సభ నవ్వింది. నాకు ఆ రోజు జవాబు తట్టలేదు. భోజనాల దగ్గర కూడా తట్టలేదు. ఇప్పుడు రాస్తున్నాను.

1369 నాటి పోరుమామిళ్ల శాసనాన్ని చూడండి. మొదటి బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు అనంతరాజసాగరం కట్టించి వేయించినది. ఎపిగ్రాఫియా ఇండికా 14వ సంపుటంలో అచ్చయి నూరేళ్లు దాటింది కాబట్టి పెద్దాయన చదవలేదని అనుకోను. చెరువు కుదరాలంటే ఏమేమి ఉండాలో అది పన్నెండు అంగాలుగా చెబుతుంది. ధర్మం గల రాజు, జలశాస్త్రం తెలిసిన బ్రాహ్మణుడు, గట్టి బంకమట్టి నేల, మూడు యోజనాల మేర నుంచి తియ్యటి నీళ్లు తెచ్చే ఏరు, దాన్ని తాకే కొండ, మరీ పొడవు కాని గట్టి రాతికట్ట, లోతూ వెడల్పూ ఉన్న గర్భం, నిడుపాటి రాళ్లు దొరికే గని, చదునైన పంటపొలాలు, పని తెలిసిన కూలీల జట్టు... ఇలా సాగుతుంది జాబితా. వీటిలో డబ్బు ఎక్కడుంది? మొదటి అంగంలో, రాజుకు తగిలించిన విశేషణాల్లో ఒకటిగా ఉంది: ధర్మపరుడు, సంపన్నుడు, సుఖి, స్థిరమైన కీర్తిధనాన్ని కోరేవాడు. పన్నెండింట ఒకటి, అందులో నాలుగింట ఒకటి. లెక్క వేస్తే ధనం వాటా నలభై ఎనిమిదో వంతు. ఈ లెక్క కొంత మొరటుదని ఒప్పుకుంటాను. కానీ 'ముందు డబ్బు కావాలి' అన్న పెద్దాయన లెక్క దీనికంటే మొరటుది. డబ్బు ఉన్నంతమాత్రాన కొండల నడుమ సందు దొరకదు, బంకమట్టి దొరకదు. పైగా కీర్తినే ధనమని, స్థిరమైన ధనమని పిలుస్తున్నది శాసనమే. ఆ మాట నేను కల్పించింది కాదు.

దోషాలు ఇంకా విలువైనవి. శాసనం ఆరు చెబుతుంది. కట్ట నుంచి నీరు ఊరడం, చవిటినేల, రెండు రాజ్యాల సరిహద్దున ఉండటం, గర్భం నడుమ మెరక, నీళ్లు తక్కువై పారాల్సిన భూమి ఎక్కువ కావడం, చోటు తక్కువై నీళ్లు ఎక్కువ కావడం. చివరి రెండూ పక్కపక్కన చదివితే ఆ కాలపు ఆలోచన తెలుస్తుంది. లేమి ఎంత దోషమో, పారే చోటు లేని మిగులు కూడా అంతే దోషం. పోరుమామిళ్ల రైతు మరవ దూకే చెరువును చూసి ఎంత సంబరపడతాడో, మరవ సరిగా లేని చెరువుకు అంత భయపడతాడు. ఆ నీరు కట్టను తెంపుకుని పోతుంది. కలిమిని గురించి మధ్యయుగపు తెలుగువాడి సిద్ధాంతం ఇదేనని నా నిశ్చయం: నిలవ ఉన్నంతసేపూ అది కట్టకు బరువు, తూము తీసి పారించినప్పుడే ఆయకట్టు. ఏడింటికీ 'సంతానం' అన్న పేరు ఊరికే రాలేదు. ఆ మాటలోని ధాతువుకు సాగడం, పరుచుకోవడం అని అర్థం. కొడుకు, చెరువు, గుడి, తోట, కావ్యం, అగ్రహారం అన్నీ మనిషిని దాటి సాగేవే. నిధి కూడా ఆ ఏడింటిలో ఉందన్నది నిజమే. పాతిపెట్టినది ఎవరికో దొరకడానికేనని ప్రస్తుతానికి సర్దుకుంటాను.

కావ్యం విషయానికి వస్తే అవచి తిప్పయ్యసెట్టి సంగతి మరవలేం. సింహళం నుంచి ఏనుగులు, హురుమంజి నుంచి గుర్రాలు, చీనా నుంచి పట్టు తెప్పించి కొండవీటి రెడ్డిరాజుల వసంతోత్సవాలకు పరిమళ ద్రవ్యాలు అందించిన వర్తక కుటుంబం. ఆ సరుకుల పట్టీ మనకు ఆయన ఖాతా పుస్తకాల నుంచి తెలియలేదు, ఆయన అంకితం పుచ్చుకున్న శ్రీనాథుడి 'హరవిలాసం' నుంచి తెలిసింది. సరుకంతా ఆయన దగ్గర ఉండేది, హరవిలాసం ఆయనకు ఉంది.

ఇది రాజులకూ సెట్టిలకూ చెల్లిన పాతకథ అనుకునేవారు ఏ ఊరి బస్టాండు దగ్గరైనా ఆగి చూడండి. అమెరికాలో ఉన్న కొడుకు నాయన పేరు మీద పెట్టించిన మంచినీళ్ల ప్లాంటు ఉంటుంది. బోర్డు మీద నాయన ఫొటో, కింద కొడుకు పేరు చిన్న అక్షరాల్లో. వాడికి డల్లాస్‌లో ఎన్ని చదరపు అడుగుల ఇల్లుందో ఊరికి తెలియదు, పట్టదు కూడా. ఇరవై లీటర్ల క్యాను నింపుకునే ప్రతివాడూ మాత్రం ఆ నాయన ముఖం చూస్తాడు. దీన్ని గొప్పలకు పోవడమని అనేవాళ్లున్నారు. భవదూరుడినీ అలాగే అనవచ్చు.

ఒక లోటును ఒప్పుకోవాలి. రోజుకు వెయ్యి మంది కూలీలు, నూరు బండ్లు రెండేళ్లు పనిచేస్తే ఈ చెరువు పూర్తయిందని శాసనం చెబుతుంది. ఆ వెయ్యి మందిలో ఒక్కరి పేరూ చెప్పదు. నా వాదం ప్రకారం చెరువు వాళ్లకూ ఉండాలి. కట్ట మీది ముసలాయన్ని అడిగాను, ఈ చెరువు ఎవరిదని. "మాది" అన్నాడు. ప్రభుత్వ రికార్డుల గురించి ఆయన్ని నేను అడగలేదు.

పాఠకులకు ఒక మనవి. మీ ఊళ్లో నీరుగంటిగానో నీరటికాడుగానో పనిచేసినవాళ్లు ఇంకా ఉంటే, ఊళ్లో ఎవరికి ఏముందో అడగండి. వాళ్లు ఎక్కడ 'దగ్గర' అన్నారో, ఎక్కడ 'కి' అన్నారో అన్న మాట అన్నట్టే, యాసతో సహా రాసుకుని ఈ పత్రిక చిరునామాకు నా పేర పంపండి. దిద్దకండి.