తేలే నేల, గడప లేని గుమ్మం

పోయిన వేసవిలో మా పడగ్గది క్లోజెట్ ముందు నేల అప్పడంలా ఉబ్బింది. ఇండియా నుంచి వచ్చిన అమ్మ కాలు తట్టుకుని పడబోయింది. లామినేట్ వేసింది నేనే కాబట్టి తిట్టడానికి ఇంకెవరూ దొరకలేదు. తప్పెక్కడ జరిగిందా అని వెతుకుతూ పోతే, ఈ నేల చరిత్ర దాకా వెళ్ళాల్సి వచ్చింది.

దీని పుట్టిల్లు స్వీడన్. వంటింటి గట్ల మీద అతికించే లామినేట్ చేసే పెర్‌స్టార్ప్ కంపెనీకి, దాన్నే నేలకూ వాడొచ్చన్న ఆలోచన 1977లో వచ్చింది. పెర్గో అన్న పేరుతో 1984లో యూరప్‌లోనూ, 1994లో అమెరికాలోనూ అమ్మకానికి పెట్టారు. పైకి కనిపించేది ఓక్ చెక్క కాదండీ, ఓక్ ఫొటో! దాని మీద మెలమైన్ పొర, కింద గట్టిగా ఒత్తిన చెక్క పీచు. పీచు గనక తేమకి సాగుతుంది, పొడిగాలికి కుంచించుకుపోతుంది. అందుకే దీన్ని మేకులతో బిగించరు. పల్చటి ఫోమ్ మీద తేలేట్టు పరిచి, గోడల వెంట పావు అంగుళమో, ఇంకాస్తో ఖాళీ వదులుతారు.

మొదట్లో పలకల అంచులకి జిగురు రాసి, ఒకదానికొకటి అతికించేవారు. 1990ల రెండో సగంలో స్వీడన్‌లోని వేలింగె, బెల్జియంలోని యూనిలిన్ జిగురు అక్కర్లేని అంచులు తెచ్చాయి. పలకని ఏటవాలుగా దూర్చి కిందికి వంచితే టక్కున పడుతుంది. ఆ పేటెంట్ల కోసం కంపెనీలు కోర్టుకెక్కాయి కూడా. మనలాంటి వీకెండ్ వడ్రంగులు పుట్టుకొచ్చింది ఆ టక్కు వల్లే.

చిక్కంతా గుమ్మం దగ్గరే. తలుపు చట్రం కింద పలకని ఏటవాలుగా ఎత్తడానికి చోటుండదు. తెలిసినవాళ్ళు ఏం చేస్తారంటే, ముందు ఫోమ్ ముక్క మీద ఒక పలక ముక్కని బోర్లించి చట్రానికి ఆనిస్తారు. దాని మీద రంపం పడుకోబెట్టి చట్రం అడుగు కోస్తారు. తరవాత పలక అంచులో పైకి లేచిన పెదవిని ఉలితో చెక్కేసి, జిగురు రాసి, బల్లపరుపుగా లోపలికి జరుపుతారు. అంటే గదంతా కొత్త పద్ధతి, గుమ్మం దగ్గర మాత్రం 1984 నాటి పద్ధతి అన్నమాట.

నేనేమో చట్రం కొయ్యకుండా, పలకనే దాని వంపులకి అచ్చుగుద్దినట్టు కోసి ఇరికించాను. పైగా క్లోజెట్ జారుడు తలుపుల గైడ్‌ని పలకలోంచి అడుగు నేలదాకా స్క్రూతో బిగించాను. తేలాల్సిన నేలని రెండుచోట్ల కట్టేశాను. జులై ఉక్కకి సాగిన పలకలు ఎటూ పోలేక పైకి లేచాయి.

అమ్మ చూసి ఒకటే అంది, "గడప లేకుండా గుమ్మమేమిట్రా?" ఆలోచిస్తే నిజమే. మా తాతగారింట్లో గడపకి ఇవతలి గచ్చు వేరు, అవతలి గచ్చు వేరు. రెండు గదుల మధ్య వేసే టీ ఆకారపు పట్టీ పనీ ఇదే. ఇటు పలకలూ అటు పలకలూ కలవకుండా ఆపి, మధ్య ఖాళీని కప్పుతుంది. పట్టీని బిగించేది కూడా అడుగు నేలకే, పలకలకి కాదు.

రెండు శనివారాలు పట్టింది. చట్రాలు కోశాను, గైడ్ స్క్రూ చుట్టూ రంధ్రం పెద్దది చేశాను, గుమ్మాల్లో పట్టీలు వేశాను. శుక్రవారం దాకా ఆగకుండా అమ్మ ఆదివారం పొద్దున్నే వాటికి పసుపు రాసి బొట్లు పెట్టేసింది.