హృదయావరణంలో నీరు, గుండె లయ మార్పులు

గుండెను కప్పి ఉంచే రెండు పొరల సంచి హృదయావరణం. ఆ పొరల మధ్య మామూలుగా 15 నుంచి 50 మిల్లీలీటర్ల ద్రవం ఉంటుంది. క్షయ, వైరస్ జబ్బులు, క్యాన్సర్, కిడ్నీల వైఫల్యం, గుండె ఆపరేషన్ వంటివి దాన్ని పెంచుతాయి. ఎంత చేరిందన్న దానికంటే ఎంత త్వరగా చేరిందన్నదే కీలకం: గాయం వల్ల ఒక్కసారిగా నిండిన 200 మిల్లీలీటర్లు ప్రాణం తీయగలవు, నెలల తరబడి ఊరిన లీటరుకు సంచి సాగి చోటివ్వగలదు.

చేరిన నీటి ఒత్తిడికి గుండె గదులు సరిగా నిండవు. ఒక్కో స్పందనకు బయటికొచ్చే రక్తం తగ్గడంతో గుండె వేగం పెంచుకుంటుంది. ఈ సైనస్ టాకీకార్డియా నిజానికి లయ దోషం కాదు, శరీరం చేసుకునే సర్దుబాటు. దాన్నే జబ్బనుకుని వేగం తగ్గించే మందులిస్తే రక్తపోటు పడిపోవచ్చు. అసలైన లయ దోషాల్లో గుండె పై గదులు అస్తవ్యస్తంగా కొట్టుకునే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ ముఖ్యం. గుండె ఆపరేషన్ తర్వాత ఇది తరచుగా కనిపిస్తుంది.

నీరు ఎక్కువైతే గుండె అందులో ఊగుతుంది. దాంతో ఈసీజీలో అలలు ఒకటి పెద్దగా, మరొకటి చిన్నగా పడతాయి. దీన్ని ఎలక్ట్రికల్ ఆల్టర్నన్స్ అంటారు. ఈ స్థితిలో ఊపిరి పీల్చినప్పుడు నాడి బలహీనపడే లక్షణాన్ని 1873లో జర్మన్ వైద్యుడు అడాల్ఫ్ కుస్‌మాల్ వర్ణించాడు. నిర్ధారణకు ఎకో పరీక్ష చేస్తారు. ప్రమాదస్థితిలో సూదితో నీరు తీస్తారు. చాలాసార్లు ఆ వెంటనే నాడి నెమ్మదిస్తుంది.