దక్షిణ ఇండియా సంఘము

దక్షిణ భారతమునందలి ప్రొటెస్టంటు క్రైస్తవ శాఖలు కొన్ని ఏకమై 1947 సెప్టెంబరు 27వ తేదీన మద్రాసునందలి సెంట్ జార్జి కెథీడ్రలులో నెలకొల్పుకొనిన సంయుక్త సంఘమే దక్షిణ ఇండియా సంఘము. వ్యవహారమున దీనిని సి.ఎస్.ఐ. అందురు. బిషప్పుల పాలనను పాటించు ఆంగ్లికనులును, బిషప్పులు లేని ప్రెస్బిటీరియను, కాంగ్రిగేషనలు, మెథడిస్టు శాఖలవారును ఒకే వ్యవస్థలో లీనమగుట ఆధునిక క్రైస్తవ చరిత్రలో ఇదియే ప్రథమము.

పూర్వరంగము: పాశ్చాత్య మిషనులు పరస్పర స్పర్ధను నివారించుకొనుటకై, ఒకరి క్షేత్రమున నొకరు ప్రవేశింపకుండునట్లు, ప్రాంతములను పంచుకొని పనిచేసినవి. తత్ఫలితముగా తెలుగుదేశమున గుంటూరు ప్రాంతమున లూథరనులును, నెల్లూరు, ఒంగోలు ప్రాంతములందు బాప్తిస్టులును, కడప, గుత్తి ప్రాంతములందు లండన్ మిషనువారును, మెదకున మెథడిస్టులును, బందరు, ఏలూరు ప్రాంతములందు ఆంగ్లికనులును ప్రబలిరి. ఒక కుటుంబము ఏ శాఖకు చెందునన్నది విశ్వాసభేదమునుబట్టి కాక, నివసించు జిల్లానుబట్టి నిర్ణయమగుచుండెను. ఐరోపాలో పుట్టి పెరిగిన వివాదములలో ఇక్కడివారికి పాలు లేకున్నను, వాని ఫలమైన విభజన మాత్రము వీరికి సంక్రమించెను.

ప్రెస్బిటీరియను, కాంగ్రిగేషనలు శాఖలు కొన్ని 1908లో దక్షిణ ఇండియా ఐక్య సంఘముగా నేర్పడెను. 1919 మే మాసారంభమున తరంగంబాడిలో ముప్పదిముగ్గురు బోధకులు సమావేశమైరి. ఇద్దరు తప్ప తక్కినవారందరు భారతీయులే. చీలికలు తాము కోరి తెచ్చుకొన్నవి కావనియు, అవి సువార్తసేవకు అవరోధములనియు ప్రకటించి, వారు సంయోగమునకు పిలుపునిచ్చిరి. ఆ సభకు నాయకుడు దోర్నకల్ బిషప్పు వేదనాయగం శామ్యూల్ అజరయ్య. తిరునెల్వేలి సీమలో 1874లో జన్మించిన ఈయన 1912లో ఆంగ్లికన్ బిషప్పుగా అభిషిక్తుడైన తొలి భారతీయుడు. దోర్నకల్ అధ్యక్షమండలమున మాల మాదిగల నడుమనున్న వైరమును ప్రభుభోజన పంక్తియందైన తొలగింప యత్నించిన ఈయనకు, శాఖాభేదమును కులభేదమును సంఘశరీరమునకు తగిలిన ఒకే గాయముగా తోచెను.

సంధి స్వరూపము: పరిశుద్ధ గ్రంథము, ప్రాచీన విశ్వాస ప్రమాణములు, బాప్తిస్మ ప్రభుభోజన సంస్కారములు అను మూడింటియందును ఏకాభిప్రాయము సాధించుట దుష్కరము కాలేదు. చిక్కంతయు నాలుగవదియైన బిషప్పు పదవియొద్దనే కలిగెను. బిషప్పు హస్తనిక్షేపణము లేని అభిషేకము అసంపూర్ణమని ఆంగ్లికనులలో పలువురు తలంచుచుండగా, ఇన్నాళ్లు తాము జరిపిన పరిచర్య చెల్లదని ఒప్పుకొనుటకు ఇతరులు ఎంతమాత్రము సమ్మతింపరైరి. ఈ ప్రతిష్టంభనను తొలగించుటకు ఇరువదియెనిమిది సంవత్సరములు పట్టెను. కడకు కుదిరిన నిబంధన ఇది: సంయోగదినమునాటికి పరిచర్యలోనున్న గురువులనందరిని పునరభిషేకము లేకయే సమానులుగా అంగీకరింపవలెను, అటుపై జరుగు అభిషేకములన్నియు బిషప్పుల చేతనే జరుగవలెను, ముప్పది సంవత్సరములకు పిమ్మట తక్కిన విషయములను సంఘమే నిశ్చయించుకొనవలెను, ఏ స్థానిక సంఘము మీదను దాని మనస్సాక్షికి విరుద్ధమైన పరిచర్యను రుద్దరాదు. గతమును దోషమని ఎవరిచేతను ఒప్పింపక, భవిష్యత్తును మాత్రమే ఉమ్మడిగా తీర్చుకొనుట ఈ సంధి యొక్క విశిష్టత.

1945 జనవరి 1వ తేదీన అజరయ్య కాలధర్మము నొందెను. ఆ మాసముననే భారత ఆంగ్లికనుల మహాసభ ఈ యోజనను ఆమోదించెను. సంయోగారాధనకు తిరువాన్కూరు బిషప్పు సి. కె. జేకబ్ అధ్యక్షత వహించెను. మైకేల్ హాలిస్ ప్రథమ మోడరేటరు (సంఘాధ్యక్షుడు) అయ్యెను. సుమారు పది లక్షల సభ్యులతో, పదునాలుగు అధ్యక్షమండలములతో సంఘము అవతరించెను. ఈ సంయోగమునకు మూల్యముగా, ఇందు చేరిన నాలుగు ఆంగ్లికన్ అధ్యక్షమండలములు చిరకాలము ఆంగ్లికన్ సమాజమునకు వెలియై యుండవలసి వచ్చెను.

ఆరాధన: 1950లో వెలువడిన ప్రభుభోజన క్రమమున, కేరళ సిరియన్ క్రైస్తవుల ఆచారము ననుసరించి, ఆరాధకులు ఒకరి చేతులనొకరు పట్టుకొని శాంతిని అందించుకొను విధి చేర్పబడెను. సమాధానపడనివారు ఒకే బల్లయొద్దకు చేరరాదను ప్రాచీన నియమము దీనిచే ప్రభుభోజనవేళ కార్యరూపము దాల్చుచున్నది. ఈ పద్ధతి పిమ్మట ఇతర దేశముల సంఘములకును ఆదర్శమయ్యెను.

పరిమితులు: ఆంధ్ర లూథరనులు, తెలుగు బాప్తిస్టులు ఇందు చేరలేదు, శిశుబాప్తిస్మమును అంగీకరింపని బాప్తిస్టులకు సంధి మరింత దుర్ఘటము. నంద్యాల ప్రాంతపు ఆంగ్లికనులలో పెక్కుమంది పూర్వసంబంధమును విడువజాలక చాలకాలము వెలుపలనే నిలిచిరి. శాఖాభేదము సమసిన చోటను, కులభేదము ఎన్నికలలోను పదవులలోను తలయెత్తుచునే యున్నది.

1970 నవంబరు 29న నాగపురమున ఏర్పడిన ఉత్తర ఇండియా సంఘము వేరొక మార్గము నవలంబించి, ఆరంభదినముననే సర్వశాఖల గురువుల పరిచర్యను పరస్పర హస్తనిక్షేపణముతో ఏకీకరించెను. దక్షిణాదివారు కాలమునకు విడిచిన చిక్కును వారు తొలినాడే పరిష్కరించుకొనగోరిరి. ఈ రెండు సంఘములును కేరళ సిరియన్ క్రైస్తవ శాఖయైన మార్తోమా సంఘముతో కూడి 1978లో సంయుక్త మండలి నేర్పరచుకొనుటచే, మార్గములు వేరైనను సంధి యొకటేయని ఉభయులును అంగీకరించినట్లైనది.