నీటి అడుగున ఇల్లు కట్టే పురుగు

సెలయేటి అడుగున ఉన్న రాయిని తిప్పి చూస్తే ఒక్కొక్కసారి ఇసుక రేణువులు అతికిన చిన్న గొట్టం కనబడుతుంది. అది కదిలితే గాని లోపల ప్రాణి ఉన్నదని తెలియదు. అదే కాడిస్ పురుగు. నోటి వద్ద నుండి వచ్చే పట్టుదారంతో ఇసుక, పుల్లలు, ఆకుముక్కలు, నత్తగుల్లలు కూర్చి ఒంటి చుట్టూ గూడు కట్టుకుంటుంది. చివరకు చిమ్మెట వంటి రెక్కల పురుగై నీటిని విడిచిపోతుంది. ఈ అల్పప్రాణిని గురించి రచయితలు మూడు వందల ఏళ్లకు పైగా వ్రాస్తూనే ఉన్నారు.

1653లో ఇంగ్లండులో ఐజాక్ వాల్టన్ ప్రచురించిన ‘ది కంప్లీట్ యాంగ్లర్’ చేపలు పట్టే విద్యకు సంబంధించిన గ్రంథం. ఆయనకీ పురుగు ముఖ్యంగా గాలానికి గుచ్చే ఎర. అయినా గూళ్లలోని తేడాలను బట్టి దాని రకాలను వేరు చేసి చెప్పాడు. 1854లో అమెరికాలో థోరో తన ‘వాల్డెన్’లో, చెరువు అడుగున తెల్లని ఇసుక రేణువులతో కట్టిన గూళ్లను చూచినట్లు వ్రాశాడు.

1863లో చార్లెస్ కింగ్‌స్లీ పిల్లల కోసం వ్రాసిన ‘ది వాటర్ బేబీస్’లో ఈ పురుగు ఒక పాత్రే అయింది. రూపం మారడానికి తలుపు మూసుకొని లోపల ఉన్న పురుగు గూటి తలుపును టామ్ అనే బాలుడు కుతూహలం కొద్దీ పగులగొడతాడు. తోటి పురుగులన్నీ అతనిని చీవాట్లు పెడతాయి.

ఫ్రాన్సు దేశపు కీటక పరిశీలకుడు ఫాబర్ మరొక అడుగు ముందుకు వేశాడు. 1900లో వెలువడిన తన కీటక గ్రంథమాల ఏడవ సంపుటంలో ఆయన వీటిని గాజుతొట్టెలో పెంచి చూచిన సంగతులు చెప్పాడు. పుల్లలకు బదులు బియ్యపు గింజలు వేస్తే, వాటితోనే దంతపు పనివంటి తెల్లని గూడు కట్టాయట! వేటాడే నీటి పెంకుపురుగు గూటిని పట్టుకుంటే, లోపలి పురుగు ఇల్లు శత్రువుకే వదలి జారుకున్నది. తరువాత దొరికినదానితో ముందు మోటుగా, పిదప పొందికగా కొత్త గూడు కట్టుకున్నది. అంతవరకు కోటవలె తోచిన గూటిని అవసరమైతే విడువవచ్చునని, విడిచినా మళ్లీ కట్టే నేర్పు పురుగులోనే ఉంటుందని దీనివల్ల తేటపడింది.

సముద్రాలు దాటివచ్చిన పెద్దల సంతతియైన మనకు ఈ సంగతి కొత్తగా తోచదు. ఇసుక ఏ ఏటిదైనా కావచ్చు, దారం మాత్రం పురుగు సొంతం. మన పిల్లలను ఒకసారి ఏటి ఒడ్డుకు తీసుకువెళ్లి రాళ్ల కింద ఈ గూళ్లను వెదకి చూపండి. చూచిన తరువాత రాయిని మళ్లీ ఉన్నచోటనే ఉన్నట్లుగా పెట్టడం కూడా నేర్పండి.